లైబ్రరీ ఎవర్ని అడిగి కబురు పంపుతోంది?

బెంగళూరు తెలుగు ఇంజినీర్ల వాట్సాప్ గ్రూపుల్లో అద్దె ఇళ్ళు, ఆవకాయ ఆర్డర్లు, జాబ్ రిఫరల్స్ మధ్య అప్పుడప్పుడూ పని సంగతులు కూడా వస్తుంటాయి. ఈమధ్య ఒక గ్రూపులో బెళ్ళందూరు వైపు ఆఫీసున్న కుర్రాడొకడు ప్రాక్సీ లాగ్ ముక్క పెట్టి అడిగాడు. "అన్నా, మా పైథాన్ సర్వీసు నుంచి ఏదో అనలిటిక్స్ డొమైన్‌కి రిక్వెస్టులు పోతున్నాయని సెక్యూరిటీ వాళ్ళు టికెట్ వేశారు. మా కోడంతా వెతికాను, ఆ పేరే లేదు. ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?" జవాబు కాసేపట్లోనే తేలిపోయింది. అతను పెట్టుకున్న లైబ్రరీ (వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) లోపల ఇంకో లైబ్రరీ ఉంది. తనని ఎవరు ఎలా వాడుతున్నారో అది తన సొంతదారులకి చెప్పుకుంటోంది, దీన్నే టెలిమెట్రీ అంటారు. డాక్యుమెంటేషన్‌లో ఆ సంగతి రాసి ఉంది, ఆపుకునే వేరియబుల్ (ప్రోగ్రాం నడిపేచోట పెట్టే సెట్టింగ్) పేరు కూడా ఇచ్చారు.

జవాబు తేలాకే గొడవ మొదలైంది. "ఫ్రీగా వాడుకుంటూ ఇంత రచ్చా? ఎంతమంది వాడుతున్నారో తెలుసుకునే హక్కు కూడా లేదా వాళ్ళకి?" అని ఒక పక్షం. "చెప్పకుండా బయటికి డేటా పంపితే దొంగతనం అనక ఏమనాలి?" అని రెండో పక్షం.

రెండూ నాకు సగం సగమే ఒప్పుదలగా ఉన్నాయి. లైబ్రరీని రాసి బాగోగులు చూసే మెయింటెయినర్‌కి లెక్క కావాలి, అది న్యాయమైన కోరికే. దాన్ని దొంగతనం అనడం అతి. కానీ "ఫ్రీగా వాడుకుంటున్నావు కాబట్టి ఊరుకో" అనడం లైసెన్సు పెట్టని షరతుని మనం కొత్తగా పెట్టడం. నా మాట ఇది: లైబ్రరీని జనం తీసుకెళ్ళే చోట లెక్కపెట్టుకోండి. డెవలపర్ స్క్రీన్ ముందు కూర్చుని నడిపే టూల్ అయితే అతన్ని అడిగి లెక్కపెట్టుకోండి. ఇంకొకళ్ళ ప్రోగ్రాం లోపల నడుస్తున్నప్పుడు మాత్రం లైబ్రరీ తన సొంత పని మీద నెట్‌వర్క్ ముట్టుకోకూడదు. టిఫిన్ సెంటర్ వాడు పొద్దున ఎన్ని ప్లేట్లు పోయాయో రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, పార్సెల్ వెంట ఇంటిదాకా వచ్చి ఎవరెన్ని తిన్నారో చూసుకుంటానంటేనే పేచీ.

మెయింటెయినర్‌కి కనపడనిది

ముందు రెండో పక్షం వాళ్ళు వినాల్సిన సంగతులు. పైథాన్ లైబ్రరీలు దొరికే పైపీఐలో ఒక ప్యాకేజీకి నెలకి పది లక్షల డౌన్‌లోడ్లు ఉన్నాయంటే ఎంతమంది వాడుతున్నట్టు? చెప్పలేం. ఎనిమిది మంది టీం ఒకటి ఉందనుకుందాం. రోజుకి 40 బిల్డులు, బిల్డుకి 12 జాబులు, కాష్ (ఒకసారి దింపింది దాచుకునే చోటు) సరిగ్గా పెట్టుకోలేదు. ఆ ఎనిమిది మందే రోజుకి 480 డౌన్‌లోడ్లు. అటు వైట్‌ఫీల్డ్‌లో మూడు వేల మంది ఇంజినీర్లున్న కంపెనీ ఆర్టిఫ్యాక్టరీనో నెక్సస్‌నో లోపల మిర్రర్‌గా పెట్టుకుంటే, ఫైలుకి ఒక్కసారి డౌన్‌లోడ్ అవుతుంది. మిగతాదంతా లోపలే తిరుగుతుంది. చిన్న టీం పెద్దగా, పెద్ద కంపెనీ లేనట్టుగా కనిపిస్తాయి.

అయినా డౌన్‌లోడ్ లెక్కని చాలామంది అనవసరంగా తీసిపారేస్తారు. ప్యాకేజీల్ని దింపే పిప్ టూల్ తన గురించి పంపే యూజర్ ఏజెంట్ వరసలో పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం, ప్రాసెసర్ రకం, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ అన్నీ ఉంటాయి. సీఐ (కోడ్ మారినప్పుడల్లా తానే బిల్డు, టెస్టులు నడిపే మెషీన్) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కనిపిస్తే ఆ గుర్తు కూడా ఉంటుంది. ఈ డౌన్‌లోడ్ వివరాలు గూగుల్ బిగ్‌క్వెరీలో పబ్లిక్ డేటాసెట్‌గా ఉన్నాయి, ఎవరైనా క్వెరీ రాసుకోవచ్చు. "పైథాన్ 3.9 సపోర్టు తీసేస్తే ఎంతమందికి దెబ్బ?" లాంటి ప్రశ్నలకి అక్కడే పనికొచ్చే జవాబు దొరుకుతుంది. ఒక జాగ్రత్త. సీఐ గుర్తు లేనంత మాత్రాన అది మనిషి చేసిన డౌన్‌లోడ్ అనుకోకూడదు. డాకర్ (ప్రోగ్రాంని సరంజామాతో సహా కంటెయినర్‌గా కట్టే టూల్) బిల్డు లోపలికి బయటి వేరియబుల్స్ తమంతట తాము వెళ్ళవు, కాబట్టి డాకర్‌లో జరిగే సీఐ ఇన్‌స్టాల్ మామూలు ఇన్‌స్టాల్ లాగే కనిపిస్తుంది. శని ఆదివారాల అంకెల్ని పనిరోజులతో పోల్చి చూస్తే ఎంత భాగం షెడ్యూలు మీద నడిచే మెషీన్లదో కొంత అంచనా వస్తుంది.

డౌన్‌లోడ్ లెక్క ఎప్పటికీ చెప్పలేనివీ ఉన్నాయి. ఏ ఫంక్షన్ వాడుతున్నారు? ఎప్పుడో పెట్టిన ఫలానా ఆప్షన్‌ని ఎవరైనా ముట్టుకున్నారా, తీసేయొచ్చా? గిట్‌హబ్‌లో పబ్లిక్ కోడ్ వెతకొచ్చు గానీ కంపెనీల ప్రైవేట్ కోడ్ అందులో ఉండదు. సర్వేలు నింపేది ఎలాగూ ఆసక్తి ఉన్నవాళ్ళే. ఇక బగ్ రిపోర్టులు వస్తాయిగా అంటే, నెమ్మదిగా నడుస్తోందని జనం బగ్ వేయరు, సర్దుకుపోతారు. గో భాషలో టెలిమెట్రీ పెడదామని 2023 ఫిబ్రవరిలో, అప్పట్లో గో టీంని నడిపిన రస్ కాక్స్ వ్యాసాలు రాసినప్పుడు ఇలాంటి ఉదాహరణే ఇచ్చాడు. మ్యాక్ కంప్యూటర్ల కోసం ముందే కంపైల్ చేసి ఇచ్చిన ప్యాకేజీలు పాతబడిపోయినట్టు లెక్కలోకి వచ్చి, కొన్ని రిలీజుల పాటు వాడుకలోకే రాలేదు. బిల్డు మళ్ళీ మొదటినుంచి చేస్తున్నా ఎవరికీ పట్టలేదు. కాష్ ఎన్నిసార్లు తప్పిపోతోందన్న ఒక్క కౌంటర్ ఉంటే ఎప్పుడో దొరికేది.

ఎంత డేటా కావాలన్న దాని మీద కూడా ఆ వ్యాసాల్లో మంచి లెక్క ఉంది. 99 శాతం నమ్మకంతో, 1 శాతం తేడా లోపల జవాబు కావాలంటే సుమారు 16,600 శాంపిళ్ళు చాలు. వాడేవాళ్ళు పది లక్షలైనా కోటి అయినా అదే సంఖ్య. పది లక్షల ఇన్‌స్టాలేషన్లు ఉంటే, వారం వారం కొత్త జవాబు కావాలన్నా ఒక్కోటి సుమారు ఏడాదికి ఒకసారి రిపోర్టు పంపినా సరిపోతుందన్నమాట. ప్రతి ఫంక్షన్ కాల్‌కీ ఈవెంట్ పంపే లైబ్రరీలు ఈ చిన్న లెక్క ఎందుకు వేసుకోలేదో నాకు అర్థం కాదు. బహుశా ఎవరో అమ్మే అనలిటిక్స్ ఎస్‌డీకే తెచ్చి మూడు లైన్లలో తగిలించడం తేలిక కాబట్టి.

అడగడానికి ఎదురుగా మనిషి ఉండాలి

టెలిమెట్రీ గురించి మాట్లాడేటప్పుడు అన్నిట్నీ ఒకే గాటన కట్టేస్తాం. మెషీన్ల మధ్య ఫైళ్ళు కలిపి ఉంచే సింక్‌థింగ్ లాంటి అప్లికేషన్‌కి ముందు ఒక మనిషి కూర్చుని ఉంటాడు. "వాడుక వివరాలు పంపమంటారా? ఇదిగో ఇవి పంపుతాం" అని స్క్రీన్ మీద అడుగుతుంది. డెబియన్ లినక్స్ ఇన్‌స్టాలర్ కూడా ప్యాకేజీల వాడుక సర్వేలో చేరతారా అని అడుగుతుంది, మనం అవునంటేనే చేరుస్తుంది. హసురా, ఆప్‌స్మిత్ లాంటి మన బెంగళూరు సరుకు కూడా వాడుక డేటా పంపుతుంది, ఆపడానికి వేరియబుల్ ఉంది. అవి ఎవరో ఒక అడ్మిన్ కావాలని నిలబెట్టే సర్వర్లు. డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండటం నాకు నచ్చకపోయినా, ఆ డాక్యుమెంటేషన్ చదవాల్సిన మనిషి ఎవరో తెలుసు.

గో వాళ్ళ కథ ఆఖరికి ఎక్కడ తేలిందో గమనించండి. మొదట ఆప్ట్-అవుట్ (వద్దంటేనే ఆగేది) అన్నారు. విమర్శలు వచ్చాక ఆప్ట్-ఇన్‌కి (అవునంటేనే పంపేది) మార్చారు. 2024 ఆగస్టులో 1.23 తో వచ్చినప్పుడు డిఫాల్ట్ "లోకల్": కౌంటర్లు మీ మెషీన్ మీదే పోగవుతాయి, మీరు ఆన్ చేస్తేనే బయటికి వెళ్తాయి. దీనికంటే నాకు ముఖ్యం అనిపించేది మొదటి ప్రతిపాదనలో కూడా ఉంది. వాళ్ళు లెక్కపెట్టేది గో కమాండునీ ఎడిటర్ టూల్స్‌నీ. మీరు గో తో కట్టిన ప్రోగ్రాం లోపల ఏ కౌంటరూ లేదు. అంత డేటా కావాలనుకున్నవాళ్ళే స్టాండర్డ్ లైబ్రరీ జోలికి పోలేదు.

లైబ్రరీ పరిస్థితి చూడండి. ప్రాజెక్టులో దాన్ని చేర్చిన డెవలపర్ ఒకరు. ప్రొడక్షన్‌లో నడిపే కంపెనీ ఇంకొకరు. ఆ సర్వీసు వాడే కస్టమర్ మూడోవాళ్ళు. నాలుగు అంచెల కింద ఉన్న లైబ్రరీ అయితే మొదటి మనిషికి కూడా దాని పేరు తెలియదు. "అనుమతి తీసుకున్నాం" అనడానికి వీళ్ళలో ఎవర్ని అడిగినట్టు? లాగ్‌లో ఒక లైన్ వేశాం అంటారు కొందరు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల టూల్ ఎన్‌పీఎం 7 వచ్చాక డిపెండెన్సీల (ప్రాజెక్టు ఆధారపడే లైబ్రరీల) ఇన్‌స్టాల్ స్క్రిప్టులు వెనకాల నడుస్తాయి, అవి ప్రింట్ చేసేది డిఫాల్ట్‌గా తెర మీదికి రాదు. "మేం వాడుక లెక్కిస్తున్నాం, వద్దంటే ఇలా ఆపండి" అని పోస్ట్‌ఇన్‌స్టాల్‌లో ఎంత మర్యాదగా రాసినా చదివే కన్ను లేదు, డేటా మాత్రం వెళ్తుంది. అలాంటిదే ఇంకో టూల్ పీఎన్‌పీఎం 10 నుంచి డిపెండెన్సీల స్క్రిప్టుల్ని మనం ఒప్పుకుంటే తప్ప నడపడమే మానేశారు. పైథాన్‌లో వీల్ ఫైలు (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీ) ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ప్యాకేజీ కోడ్ నడవదు కాబట్టి లెక్క ఇంపోర్ట్ చేసినప్పుడో మొదటి క్లయింట్ తయారైనప్పుడో జరుగుతుంది. అంటే నేరుగా ప్రొడక్షన్‌లోకి.

ఆపే పద్ధతుల సంగతి ఇంకో తమాషా. నెక్స్ట్ జేఎస్‌కి "టెలిమెట్రీ డిసేబుల్డ్" అనే వేరియబుల్ 1 పెట్టాలి. గ్రేడియోకి "అనలిటిక్స్ ఎనేబుల్డ్" ఫాల్స్ పెట్టాలి. స్ట్రీమ్‌లిట్‌కి కాన్ఫిగ్ ఫైల్లో బ్రౌజర్ అనే విభాగం కింద యూసేజ్ స్టాట్స్ సెట్టింగ్ ఫాల్స్ చెయ్యాలి. ఒకచోట 1 అంటే ఆపు, ఇంకోచోట 0 అంటే ఆపు. అందరికీ కలిపి "డూ నాట్ ట్రాక్" అనే ఒకే వేరియబుల్ పెడదామని ప్రతిపాదన ఉంది, కొందరు పాటిస్తారు. పాటించనివాళ్ళ జాబితా మీరే తయారు చేసుకోవాలి, ప్రతి అప్‌గ్రేడ్‌కీ మళ్ళీ చూసుకోవాలి.

లోపల ఏం విరుగుతుంది

ప్రైవసీ మాట అటుంచండి. ప్రొడక్షన్ నడిపేవాళ్ళకి మొదట తగిలే దెబ్బ ఇది కాదు. బయటికి దారిలేని నెట్‌వర్కులో టెలిమెట్రీ కోడ్ ఎలా ప్రవర్తిస్తుందో చాలామంది మెయింటెయినర్లు ఒక్కసారి కూడా నడిపి చూడరు, ఎందుకంటే వాళ్ళ ల్యాప్‌టాప్‌కి ఎప్పుడూ నెట్ ఉంటుంది. ఇక్కడి బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ జీసీసీల (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్ల) క్లస్టర్లు అలా ఉండవు.

ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని తిప్పికొట్టకుండా (రిజెక్ట్) మింగేస్తే (డ్రాప్), లినక్స్ డిఫాల్ట్ సెట్టింగ్‌తో ఒక టీసీపీ కనెక్షన్ ప్రయత్నం వదులుకోవడానికి సుమారు 127 సెకన్లు పడుతుంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకి డిఫాల్ట్ టైమవుట్ లేదు. "మేం 2 సెకన్ల టైమవుట్ పెట్టాంగా" అనేవాళ్ళు కూడా ఒకటి మర్చిపోతారు: ఆ టైమవుట్ డీఎన్ఎస్ వెతుకులాటకి (పేరుని బట్టి ఐపీ అడ్రస్ కనుక్కునే పనికి) వర్తించదు. నేమ్‌సర్వర్ పలక్కపోతే లినక్స్‌లోని జీలిబ్‌సీ ఒక్కోసారికి 5 సెకన్ల చొప్పున రెండుసార్లు ప్రయత్నిస్తుంది, కుబర్నెటీస్ (కంటెయినర్లని నడిపే వ్యవస్థ) పాడ్‌లో అయితే సెర్చ్ డొమైన్లు తగిలించి కూడా అడుగుతుంది కాబట్టి ఆ ఎదురుచూపు ఇంకా పెరగొచ్చు. ఇది ఇంపోర్ట్ సమయంలో మెయిన్ థ్రెడ్‌లో జరిగితే పాడ్ లేవడం ఆలస్యమవుతుంది, రెడీనెస్ ప్రోబ్ (సర్వీసు సిద్ధమా అని చూసే పరీక్ష) ఫెయిల్ అవుతుంది, ఎవరో రాత్రి రెండింటికి లేచి సీపీయూ లిమిట్ పెంచి చూస్తారు. ఉపయోగం ఉండదు.

సరే, వేరే థ్రెడ్‌లో పెట్టాం అంటారు. అక్కడ ఇంకో రకం. గునికార్న్ అనే పైథాన్ సర్వర్‌ని ప్రీలోడ్‌తో నడిపితే ఇంపోర్ట్ మాస్టర్ ప్రాసెస్‌లో అవుతుంది, తర్వాత ఫోర్క్ అయి దాని నకళ్ళు పుడతాయి. ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్‌లోకి థ్రెడ్లు రావు. ఈవెంట్లు క్యూలో పడుతూనే ఉంటాయి, తీసి పంపే థ్రెడ్ మాత్రం లేదు. ఆ క్షణాన థ్రెడ్ ఏదైనా లాక్ పట్టుకుని ఉంటే పిల్ల ప్రాసెస్‌లో అది ఎప్పటికీ విడుదల కాదు. ప్రోగ్రాం ఆగేటప్పుడు మిగిలిన ఈవెంట్లు పంపేసి పోదామని ఎట్‌ఎగ్జిట్‌లో హుక్ పెడతారు, నెట్‌వర్క్ లేకపోతే ఆ హుక్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. కుబర్నెటీస్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఓపిక పట్టి చంపేస్తుంది. ప్రతి డిప్లాయ్‌లో ప్రతి పాడ్ అరనిమిషం ఎందుకు ఆగుతోందో వెతికితే దొరికేది ఇలాంటిదే. అమెజాన్ ల్యాంబ్డాలో జవాబు ఇవ్వగానే ప్రాసెస్‌ని గడ్డకట్టిస్తారు కాబట్టి వెనకాల పంపుతున్న రిక్వెస్ట్ సగంలో ఆగి, తర్వాతి కాల్‌లో తెగిపోయిన కనెక్షన్‌తో లేస్తుంది.

టెలిమెట్రీ కోసం తెచ్చిన డిపెండెన్సీ కూడా ఒక భారమే. క్రోమాడీబీ అనే వెక్టర్ డేటాబేస్ వాడినవాళ్ళకి 2025లో "టెలిమెట్రీ ఈవెంట్ పంపలేకపోయాం, క్యాప్చర్ ఫంక్షన్‌కి ఒక్కటే ఆర్గ్యుమెంట్, మీరు మూడిచ్చారు" అనే ఎర్రర్ గుర్తుండే ఉంటుంది. ఆ ఈవెంట్లు పంపడానికి వాడిన పోస్ట్‌హాగ్ అనలిటిక్స్ క్లయింట్ లైబ్రరీ కొత్త వెర్షన్‌లో ఆ ఫంక్షన్ తీరు మారింది, క్రోమా పాత పద్ధతిలోనే పిలిచింది. వెక్టర్ వెతుకులాటకి ఏ నష్టమూ లేదు. కానీ లాగ్‌లో ఎర్రర్ అని కనిపిస్తే మొదటిసారి చూసేవాళ్ళు తమ డేటాబేసే పాడైందనుకుంటారు. మనకి ఏ ఉపయోగమూ లేని ఫీచర్ కోసం మన లాగ్‌లో ఎర్రర్, మన గంట సమయం.

ఇంతా చేసి వచ్చే లెక్క సరైనదా అంటే అదీ లేదు. సాధారణంగా లైబ్రరీ మొదటిసారి నడిచినప్పుడు ఒక యాదృచ్ఛిక ఐడీ తయారు చేసి హోం డైరెక్టరీలో ఫైలుగా దాస్తుంది. కంటెయినర్ ప్రతిసారీ కొత్తగా లేస్తుంది కాబట్టి రోజుకి వంద సార్లు లేచే జాబ్ వంద మంది కొత్త యూజర్లుగా కనిపిస్తుంది. అదే ఫైలు డాకర్ ఇమేజ్ కట్టేటప్పుడే తయారైపోతే ఐదు వందల పాడ్లూ కలిసి ఒక్క యూజర్. డౌన్‌లోడ్ లెక్కలో ఏ తప్పులున్నాయని దీన్ని పెట్టుకున్నారో, సరిగ్గా అవే తప్పులు ఇందులోనూ ఉన్నాయి.

"పేర్లేమీ పంపడం లేదుగా"

అన్నిటికీ చెప్పే జవాబు ఇది: అనామకం, హ్యాష్ చేసి (నేరుగా వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి) పంపుతున్నాం. హ్యాష్ అనగానే చర్చ అయిపోయినట్టు చాలామంది తలూపుతారు. లెక్క వేసి చూడండి. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు, మొత్తం 400 కోట్లు. మామూలు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు వాటన్నిటి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లు సెకన్లలో కట్టేస్తుంది. నెట్‌వర్క్ కార్డుకుండే గుర్తింపు సంఖ్య, మ్యాక్ అడ్రస్, 48 బిట్లు, కానీ అందులో సగం తయారీదారు కోడ్, అది పబ్లిక్. మిగిలింది 24 బిట్లు, ఒక్కో కోడ్‌కి 1.68 కోట్ల అవకాశాలు. డాట్‌నెట్ కమాండ్ టూల్ హ్యాష్ చేసిన మ్యాక్ అడ్రస్ పంపుతుందని వాళ్ళ డాక్యుమెంటేషనే చెబుతుంది. చెప్పడం మెచ్చుకోవాల్సిందే, దాన్ని అనామకం అనుకోవడమే పొరపాటు.

ఈమెయిల్ అయితే ఇంకా తేలిక, ఎందుకంటే గిట్ కమిట్లలో ఈమెయిళ్ళు బహిరంగంగా ఉంటాయి. 2023 ఆగస్టులో డాట్‌నెట్ టెస్టింగ్ లైబ్రరీ మాక్ (Moq) 4.20.0లో స్పాన్సర్‌లింక్ అనే భాగం చేర్చారు. అది బిల్డు సమయంలో డెవలపర్ గిట్ కాన్ఫిగ్‌లోంచి ఈమెయిల్ చదివి, హ్యాష్ చేసి, అతను స్పాన్సరా కాదా అని బయట సర్వర్‌లో చూసేది. గోల రేగాక 4.20.2లో తీసేశారు. నాకు ఆ మెయింటెయినర్ మీద కొంత జాలి ఉంది. ఏళ్ళ తరబడి అందరూ ఉచితంగా వాడుకున్న లైబ్రరీకి డబ్బు రావాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ చాలా కంపెనీల్లో ఆ వెర్షన్‌ని బ్లాక్ లిస్టులో పెట్టారు, కొందరు మొత్తానికే వేరే లైబ్రరీకి మారిపోయారు. నమ్మకం పోగొట్టుకునేది మెయింటెయినరే.

హ్యాష్ లేకపోయినా ఐపీ అడ్రస్ ఎలాగూ సర్వర్‌కి చేరుతుంది. ఎర్రర్ ట్రేస్ పంపితే అందులో ఫైలు దారి ఉంటుంది, ఆ దారిలో యూజర్ పేరు, కొన్నిసార్లు ప్రాజెక్టు రహస్య పేరు కూడా. ఒక కంపెనీ ఐపీ నుంచి ఫలానా రకం ఖరీదైన జీపీయూలు ఇన్ని నడుస్తున్నాయన్న సంగతిలో ఏ మనిషి పేరూ లేదు, పోటీ కంపెనీకి మాత్రం అది పేరుకంటే విలువైనది.

మన చట్టం సంగతి క్లుప్తంగా. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం సమ్మతి అంటే స్వేచ్ఛగా, ఫలానా పనికోసమని తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చేది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. లైబ్రరీ పంపే ముక్కల్లో కస్టమర్ వ్యక్తిగత డేటా ఏదైనా కలిసిపోతే అడిగేది ముందు ఆ సర్వీసు నడిపే కంపెనీని. ఎక్కడో ఉన్న మెయింటెయినర్‌ని వెతుక్కుంటూ ఎవరూ పోరు.

ఆప్ట్-ఇన్ అంటే ఎవరూ ఆన్ చెయ్యరు

నా వాదనకి ఎదురుగా ఉన్న బలమైన మాట ఇదే, దీన్ని నేను పూర్తిగా కొట్టిపారేయలేను. అడిగితే చాలామంది వద్దనరు, అసలు జవాబే ఇవ్వరు. అవునన్నవాళ్ళు అందరి లాంటివాళ్ళు కారు, కాబట్టి పైన చెప్పిన 16,600 శాంపిళ్ళ లెక్క కూడా పక్కకి ఒరుగుతుంది. నిజమే. కానీ డిఫాల్ట్‌గా ఆన్ పెడితే ఒరగదా? బయటికి దారి మూసేసిన బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ సర్వర్లు అందులో కనపడవు. కనిపించేవి ల్యాప్‌టాప్‌లు, కాలేజీ ప్రాజెక్టులు, ఫైర్‌వాల్ పెట్టుకోని స్టార్టప్‌లు. లైబ్రరీ మీద గట్టిగా ఆధారపడ్డవాళ్ళే లెక్కలో ఉండరు. ఆ అంకెలు చూసి "ఈ ఫీచర్ ఎవరూ వాడట్లేదు" అని తీసేస్తే మొదట విరిగేది వాళ్ళ సిస్టమే. శాంపిల్ రెండు పద్ధతుల్లోనూ ఒరిగిందే, ఒకదాంట్లో కనీసం అడిగాం.

నాకు నిజంగా సందేహం కలిగించేది ఏఐ భాషా మోడళ్ళని నడిపే వీఎల్‌ఎల్‌ఎం లాంటివి. ఏ జీపీయూ మీద, ఏ మోడల్ నిర్మాణంతో నడుపుతున్నారో తెలియకపోతే ఏ కాంబినేషన్‌ని ముందు వేగవంతం చెయ్యాలో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? అది డిఫాల్ట్‌గా పంపుతుంది, కానీ ఏం పంపిందో మీ హోం డైరెక్టరీలోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో జేసన్ ఫైలుగా మీకూ రాసిపెడుతుంది. తెరిచి చదువుకోవచ్చు. ఆపడానికి తన సొంత వేరియబుల్‌నీ డూ నాట్ ట్రాక్‌నీ రెండిట్నీ పాటిస్తుంది, అదే ఫోల్డర్‌లో డూ నాట్ ట్రాక్ అనే ఖాళీ ఫైలు పెట్టినా ఆగుతుంది. డిఫాల్ట్ ఒక్కటి మారిస్తే నేను ఇంకేమీ అడగను. అది కూడా ఎక్కువమంది నేరుగా సర్వర్‌గానే నడుపుతారు కాబట్టి లైబ్రరీ, అప్లికేషన్ గీత మీద ఉందని ఒప్పుకుంటాను.

లెక్కకి మంచి నమూనా కావాలంటే ఫెడోరా లినక్స్ వాళ్ళది చూడండి. ఐడీ ఏమీ ఉండదు. ప్యాకేజీ మేనేజర్ ఎలాగూ మిర్రర్ల జాబితా అడుగుతుంది కదా, వారానికి ఒక్కసారి ఆ రిక్వెస్టుకి కౌంట్‌మీ అని ఒక అంకె తగిలిస్తుంది. ఇన్‌స్టాల్ చేసి మొదటి వారమైతే 1, మొదటి నెలలోపైతే 2, ఆరు నెలల్లోపైతే 3, ఆపైన 4. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది నిలబడుతున్నారు అన్న రెండూ తేలిపోతాయి. కొత్తగా ఏ కనెక్షనూ తెరవలేదు.

మరి లైబ్రరీ మెయింటెయినర్ ఏం చెయ్యాలి? లోపల ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు పిలిచారో తెలియాలంటే మెమరీలో కౌంటర్లు పెట్టండి, ఒక ఫంక్షన్ పిలిస్తే చదవగలిగే టెక్స్ట్‌గా ఇవ్వండి. బగ్ టెంప్లేట్‌లో "ఈ రిపోర్టు జత చెయ్యండి" అని అడగండి. పాత ఆప్షన్ తీసేయాలంటే ఒక రిలీజులో డెప్రికేషన్ హెచ్చరిక వేసి, ఇష్యూ లింకు అందులోనే పెట్టండి. వాడేవాళ్ళుంటే అక్కడికొచ్చి తిడతారు, అది కూడా టెలిమెట్రీయే. పంపే కోడ్ తప్పదనుకుంటే దాన్ని వేరే ప్యాకేజీగా చెయ్యండి. కావాల్సినవాళ్ళు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవడమే సమ్మతి.

వాడుకునేవాళ్ళం చెయ్యాల్సింది

కొత్త లైబ్రరీ ఏదైనా చేర్చే ముందు టెస్టుల్ని డాకర్‌లో నెట్‌వర్క్ "నన్" ఆప్షన్‌తో ఒకసారి నడపండి. లేవడానికి, ఆగడానికి పట్టే సమయం మామూలు నడకతో పోల్చండి. తేడా ఉంటే ఏదో బయటికి చూస్తోంది. తర్వాత నెట్ ఇచ్చి, పోర్ట్ 53 మీద టీసీపీడంప్ పెట్టి ఏ పేర్లు అడుగుతోందో రాసుకోండి. డీఎన్ఎస్ కాష్ వల్ల ఏదైనా తప్పిపోతుందనుకుంటే ఎస్‌ట్రేస్‌తో కనెక్ట్ కాల్స్ చూడండి, పిల్ల ప్రాసెస్‌లని కూడా వెంబడించే ఆప్షన్ మర్చిపోకుండా. సైట్-ప్యాకేజెస్‌లో పోస్ట్‌హాగ్, సెగ్మెంట్, స్కార్ఫ్ లాంటి అనలిటిక్స్ సేవల పేర్లకి గ్రెప్ కొడితే సగం అక్కడే బయటపడతాయి. వేరియబుల్స్ అన్నీ బేస్ ఇమేజ్‌లోనే పెట్టండి, ఒక్కో టీం ఒక్కోలా పెట్టుకుంటే ఎవరో ఒకరు మర్చిపోతారు. ఫైర్‌వాల్‌లో డ్రాప్ బదులు రిజెక్ట్ పెట్టించండి, పైన చెప్పిన 127 సెకన్లు వెంటనే వచ్చే ఒక ఎర్రర్‌గా మారిపోతాయి. నెట్‌వర్క్ టీం "రిజెక్ట్ పెడితే స్కాన్ చేసేవాళ్ళకి తెలిసిపోతుంది" అంటారు. అది బయటినుంచి లోపలికొచ్చే ట్రాఫిక్ సంగతి, లోపల్నుంచి పోయేదానికి వర్తించదని ఓపిగ్గా చెప్పాలి.

ఇదంతా చేసి, మెయింటెయినర్‌కి ఏమీ చెప్పకుండా ఊరుకుంటే మొదటి పక్షం వాళ్ళు తిట్టింది మనల్నే అవుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు పొడుగునా ఉన్న ఆఫీసుల్లో ఎన్ని లైబ్రరీలు నడుస్తున్నాయో, వాటిలో ఎన్నింటికి ఈ ఊరి నుంచి ఒక్క ఇష్యూ అయినా వెళ్ళిందో ఆలోచించండి. జెరోధా 2024లో మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ ఏడాదికి పది లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఇస్తామంది. దానికి దరఖాస్తు చేసే మెయింటెయినర్‌కి "ఫలానా చోట ప్రొడక్షన్‌లో ఉంది" అని చూపించుకునే ఒక్క వరస ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. చాలా సీఎన్‌సీఎఫ్ (క్లౌడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్ని చూసుకునే సంస్థ) ప్రాజెక్టులు అడాప్టర్స్ (ADOPTERS, అంటే వాడుతున్నవాళ్ళ జాబితా) అనే ఫైలు పెట్టుకునేది అందుకే. కంపెనీ పేరు, ఏ పనికి వాడుతున్నారు అని ఒక లైన్ చేర్చి పుల్ రిక్వెస్ట్ పెడితే చాలు. కంపెనీ పేరు వాడటానికి లీగల్ వాళ్ళ అనుమతి కావాలి, అది తొందరగా రాదు. కాబట్టి లైబ్రరీని రివ్యూకి పంపిన రోజే ఆ మెయిల్ కూడా పంపండి. పేరు కుదరదంటే "భారత్‌లో ఒక బ్యాంకు, ఫలానా వెర్షన్, ఇన్ని నోడ్లు" అని సొంత ఖాతాతో డిస్కషన్స్‌లో రాసినా మెయింటెయినర్లు సంతోషంగా తీసుకుంటారు, అదైనా రాయొచ్చో లేదో మేనేజర్‌ని ఒక మాట అడిగి.